అద్దె యంత్రములో ఆటలోకము

అరుగుమీద కూర్చొని నలుగురు అష్టాచెమ్మా ఆడుచున్నప్పుడు ఆట ఎక్కడ జరుగుచున్నదని ఎవరును అడుగరు. గళ్లు కళ్లయెదుటనే ఉన్నవి. ఏ కాయ ఏ గడిలో ఉన్నదో నలుగురికిని కనబడుచున్నది. గవ్వలు ఎన్ని వెల్లకిల పడినవో అందరును ఒక్కసారే చూచుచున్నారు. ఎవడైన కాయను దొంగతనముగా ఒక గడి ముందుకు జరిపినను పక్కవాడు పట్టుకొనును. కాని ఆ నలుగురిలో ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగుళూరులో, ఒకరు సింగపూరులో, ఒకరు అమెరికాలోని డల్లాస్‌లో ఉన్నారనుకొందము. అప్పుడు గళ్లు ఎక్కడ గీయవలెను? కాయలను ఎవరు కదుపవలెను? ఇద్దరు చెప్పు మాటలు కలియనిచో తీర్పు ఎవరిది?

కంప్యూటరులపై పలువురు కలిసి ఆడు ఆటలన్నిటిలోను మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఇదే. దీనికి రెండు జవాబులు కలవు. ఉత్తరముల ద్వారా చదరంగము ఆడువారి సంగతి పాఠకులలో కొందరికి తెలిసియుండును. ఎవరి ఇంట వారు ఒక పలక పెట్టుకొని, ఎత్తును మాత్రము కార్డుమీద వ్రాసి పంపుకొందురు. రెండు పలకలును ఎల్లప్పుడు ఒక్కతీరుగ ఉండును గనుక అసలు పలక ఏది అన్న మాటే రాదు. 1993లో వచ్చిన 'డూమ్' అను ఆట ఈ పద్ధతి ననుసరించినది. నలుగురు ఆడుచున్నచో నాలుగు కంప్యూటరులలో నాలుగు పూర్తి ఆటలు నడచును. ఎవరు ఏ మీట నొక్కిరన్న వార్త ఒక్కటియే తీగవెంట ప్రయాణించును. సెకనుకు 35 మారులు ఈ వార్తలు చేతులు మారవలెను. చిక్కేమనగా, నలుగురి వార్తలును చేరువరకు ఎవరి ఆటయు ముందుకు కదలదు. ఒకరి తీగ మందగించినచో తక్కిన ముగ్గురును చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

రెండవ జవాబు ఇట్లున్నది. అసలు పలక ఒక్కటే; అది ఒక మధ్యవర్తి వద్ద ఉండును. ఆడువారు తమ కోరికను విన్నవించుకొందురు. అది చెల్లునో చెల్లదో మధ్యవర్తి చూచి, పలకను మార్చి, మారిన సంగతి అందరికి తెలుపును. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో 1978లో రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి ఆరంభించి, రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన 'మడ్' అను మాటల ఆట ఇట్టిదే. 1996లో వచ్చిన 'క్వేక్' ఈ పద్ధతిని వేగముగా సాగు బొమ్మల ఆటలకు కూడ అలవరచినది. ఈ మధ్యవర్తి కంప్యూటరుకే సర్వరు అని పేరు. అట్టి మధ్యవర్తిని మనమే ఒక అద్దె యంత్రములో నిలుపుకొనుట ఎట్లో, నిలుపుకొన్నవారి మీద ఏ బాధ్యత పడునో ఈ వ్యాసములో చూతము.

ఉదాహరణకు మైన్‌క్రాఫ్టు అను ఆటను తీసికొందము. స్వీడనులో 2009లో పుట్టి, 2011 నవంబరులో పూర్తిరూపము పొందిన ఈ ఆట ప్రతులు 30 కోట్లకు మించి అమ్ముడైనట్లు 2023లో ప్రకటించిరి. మన తెలుగు ఇండ్లలోను దీనిని ఆడు పిల్లలు లేకపోలేదు. ఇందులో గెలుపు ఓటములు ముఖ్యము కావు. ఘనపు దిమ్మెలతో ఏర్పడిన ఒక లోకములో తిరుగుచు, మట్టి త్రవ్వి, రాయి కొట్టి, ఇండ్లు, వంతెనలు, కోటలు కట్టుకొనుటయే ఆట. ఈ ఆటకు సర్వరు ప్రోగ్రామును కంపెనీవారే ఉచితముగా ఇత్తురు. దానిని ఎవరైనను తమ కంప్యూటరులో నడుపుకొనవచ్చును. ఇక్కడ చెప్పినదానిలో చాలభాగము ఇతర ఆటలకును వర్తించును.

సెకనుకు ఇరువది టిక్కులు

సర్వరు చేయు పనిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, అది ఒక గడియారము. మైన్‌క్రాఫ్టు సర్వరు సెకనుకు 20 మారులు కొట్టుకొనును. ఒక్కొక్క దెబ్బకు టిక్కు అని పేరు. రెండు టిక్కుల మధ్య కాలము 50 మిల్లీసెకండ్లు. మనము కనురెప్ప వాల్చి ఎత్తునంత సేపు కూడ కాదు. ఈ కొద్దిసేపటిలో సర్వరు చేయవలసిన పనులు చూడుడు: ఆటగాండ్రందరి వద్దనుండి వచ్చిన కోరికలను చదువవలెను; ఆవులను, కోళ్లను, రాత్రిపూట తిరుగు దయ్యములను ఒక్కొక్క అడుగు నడిపింపవలెను; నీటిని పల్లమునకు పారింపవలెను; కొలిమిలోని ఇనుమును మరికొంత కాల్చవలెను; పైరును మొలకెత్తింపవలెను; తుదకు మారినదంతయు అందరికి చాటవలెను. పని 50 మిల్లీసెకండ్లలో ముగిసినచో మిగిలిన కాలము సర్వరు విశ్రమించును. ముగియనిచో తరువాతి టిక్కు ఆలస్యమగును.

ఆలస్యమైనప్పుడు జరుగునది మిక్కిలి విచిత్రము. ఆ లోకములో కాలమును టిక్కులతోనే కొలుతురు. అక్కడి ఒక పగలు రాత్రి కలిపి 24,000 టిక్కులు, అనగా మన గడియారములో సరిగా 20 నిమిషములు. సర్వరుపై భారము పెరిగి ఒక్కొక్క టిక్కుకు 80 మిల్లీసెకండ్లు పట్టుచున్నదనుకొందము. సెకనుకు 20 టిక్కులు జరుగవలసినచోట పన్నెండున్నర మాత్రమే జరుగును. రోజు 32 నిమిషములకు సాగును. సూర్యుడు కుంటుచు నడచును, పైరు ఆలస్యముగా పండును, పరుగెత్తు కోడి నీటిలో నడచుచున్నట్లుండును. ఆటగాని కంప్యూటరు ఎంత వేగము గలదైనను ఇందుకు ఉపాయము లేదు. ఎందుకనగా లోకము అతని వద్ద లేదు.

ఇది మరచిపోవుటచేతనే చాలమంది కంగారుపడుదురు. ఆటగాడు దిమ్మెను పగులగొట్టినప్పుడు అతని తెరమీద అది వెంటనే మాయమగును. నిజమునకు అది మాయము కాలేదు. సర్వరు ఒప్పుకొనునన్న నమ్మకముతో అతని కంప్యూటరు ముందుగా చూపించిన ఊహ మాత్రమే. ప్రతి కదలికకును సర్వరు ఆజ్ఞకై వేచియుండుట దుర్భరమని, 1996 చివర క్వేక్‌కు చేసిన సవరణలో జాన్ కార్మాక్ ఈ ముందూహ పద్ధతిని ప్రవేశపెట్టెను. ఊహ తప్పినప్పుడు సర్వరు మాటే నెగ్గును. పగిలిన దిమ్మె మరల ప్రత్యక్షమగును. ముందుకు పరుగెత్తినవాడు రబ్బరు త్రాటితో లాగినట్లు వెనుకకు వచ్చిపడును.

ఇంటిలో ఏల నడుపరాదు?

నడుపవచ్చును. ఒకే ఇంటిలోని పిల్లలు ఆడుకొనుటకు అంతకంటె మంచిది లేదు. దూరముననున్నవారు చేరవలెనన్నప్పుడే చిక్కు. మన దేశములో చాల ఇండ్ల ఇంటర్నెట్టు కనెక్షనులకు సొంత చిరునామా ఉండదు. వందలకొలది ఇండ్లకు కంపెనీవారు ఒకే బయటి చిరునామా ఇత్తురు. మనము బయటికి పంపిన ఉత్తరమునకు జవాబు సరిగనే మనకు చేరును. కాని బయటివారెవరో తమంతట తాము మన ఇల్లు వెదకుకొని రావలెనన్న, గుమ్మము వద్దనే నిలిచిపోవుదురు, ఎవరింటికి పంపవలెనో కాపలావానికి తెలియదు గనుక. ఇదిగాక కరెంటు పోవుట ఉన్నది. రాత్రి తండ్రి కంప్యూటరు ఆపివేసినప్పుడు లోకము ఆగిపోవుట ఉన్నది; అమెరికాలోని పినతండ్రి కొడుకుకు అప్పుడే తెల్లవారును.

కావున సొంత చిరునామా కలిగి, రేయింబవళ్లు మేలుకొనియుండు యంత్రమొకటి కావలెను. అట్టిదానిని కొననక్కరలేదు, అద్దెకు దొరకును. చిన్నదానికి నెలకు కొన్ని వందల రూపాయలు మొదలుకొని, పెద్దదానికి రెండు మూడు వేల వరకు అగును. అయితే ఈ అద్దె యంత్రము అక్షరాల యంత్రము కాదు.

ఉన్నట్లు తోచు యంత్రము

ఒక పెద్ద కంప్యూటరును అనేక చిన్న కంప్యూటరులవలె భ్రమింపజేయు విద్య కొత్తది కాదు. ఐ.బి.యం. కంపెనీవారు అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణములో 1960ల నడుమనే దీనిని సాధించిరి. అప్పటి కంప్యూటరులు గదులనిండ ఉండెడివి. వాటి ధర చెప్పనలవి కాదు. ఒక్కరికి ఒక్క కంప్యూటరు ఇచ్చుట ఊహకు కూడ అందనిది. అందుచేత, అందరిపైన ఒక పర్యవేక్షక ప్రోగ్రామును కూర్చుండబెట్టి, అది ప్రతివారికి 'ఇది నా యంత్రమే' అన్న భ్రమ కలుగునట్లు వంతులు వేయుచుండెను. ఆ తరువాత చిన్న కంప్యూటరులు చౌకగా వచ్చుటచే ఈ విద్య కొంతకాలము మరుగున పడినది. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఎ.యం.డి. కంపెనీలు తమ ప్రాసెసరులలోనే ఇందుకు సదుపాయము కల్పించినవి. 2007లో లినక్సులో 'కె.వి.యం.' అను పర్యవేక్షకము చేరినది. నేటి అద్దె యంత్రములలో చాలభాగము దీనిమీదనే నడచుచున్నవి. వర్చువల్ సర్వరు అని చెప్పునది ఇదే: ఉన్నట్లు తోచు సర్వరు.

కాలువ క్రింద వ్యవసాయము చేసినవారికి వంతు నీరు తెలియును. నీ మడికి ఇన్ని గడియలు, నా మడికి ఇన్ని గడియలు. పర్యవేక్షకము ప్రాసెసరు కాలమును ఇట్లే పంచును. పైమడివారందరును ఒక్కసారే తూము ఎత్తినప్పుడు క్రిందిమడికి నీరు తగ్గును. అద్దె యంత్రముల కంపెనీలు కొన్ని, అందరును ఒక్కసారి వాడరులే అన్న ధైర్యముతో, ఉన్నదానికంటె ఎక్కువ వంతులు అమ్ముదురు. వెబ్‌పేజీలు వడ్డించు సర్వరుకు దీనివలన పెద్ద నష్టము లేదు. పేజీ పదవ వంతు సెకను ఆలస్యమైనను ఎవరును గమనింపరు. ఆట సర్వరుకు మాత్రము ప్రతి 50 మిల్లీసెకండ్లకు ఒక పరీక్ష. మీ వంతు ఎంత పక్కవారి పాలైనదో తెలిసికొనుటకు లినక్సులో సాధనము కలదు: 'టాప్' అను ఆజ్ఞ ఇచ్చినచో కనబడు వరుసలో 'ఎస్.టి.' అను అంకె అదియే. ఆ రెండక్షరములు దొంగిలింపబడిన కాలము అను ఇంగ్లీషు మాటకు గుర్తు. పేరు పెట్టినవారు మొగమాటపడలేదు. అది సున్న దరిదాపులలో ఉన్నంతవరకు చింత లేదు. సాయంకాలమందు పదికి, ఇరువదికి ఎక్కుచున్నచో వేరొక ఇల్లు చూచుకొనుట మేలు.

ఎంత యంత్రము కావలెను?

ఇక్కడ చాలమంది డబ్బు వృథా చేయుదురు. ప్రాసెసరులో ఎనిమిది కోరులున్న యంత్రము రెండు కోరులున్నదానికంటె నాలుగు రెట్లు మంచిదని తలంతురు. మైన్‌క్రాఫ్టు టిక్కులోని ముఖ్యమైన పనులు ఒకదానిపై నొకటి ఆధారపడినవి. నీరు పారిన తరువాతగాని పైరు తడిసినదో లేదో తేలదు. కావున ఆ పని చాలవరకు ఒకే వరుసలో, ఒకే కోరుమీద జరుగును. ఎనిమిదిమంది వంటవారిని పెట్టినంతమాత్రాన ఒక గరిటె ఎనిమిది రెట్ల వేగముగా తిరుగదు. కోరుల సంఖ్యకంటె ఒక్క కోరు వేగము చూచుట ముఖ్యము.

తరువాతిది మెమరీ. ఇందుకు ఒక చిన్న లెక్క వేయుదము. లోకమును సర్వరు నిలువు స్తంభములుగా కోసి ఉంచుకొనును. ఒక్కొక్క స్తంభము 16 దిమ్మెల పొడవు, 16 దిమ్మెల వెడల్పు. 2021 చివర వచ్చిన 1.18 వెర్షను నుండి ఎత్తు 384 దిమ్మెలు. హెచ్చించి చూచినచో ఒక స్తంభములో 98,304 దిమ్మెల చోటు. ఆటగాని చుట్టును ఎంతదూరము చూపవలెనో అమరికల ఫైలులో ఒక అంకె నిర్ణయించును. మొదట అది 10గా ఉండును. అనగా నాలుగు దిక్కులను పదేసి స్తంభములు, నడుమ అతడు నిలిచినది ఒకటి. చదరముగా లెక్కకట్టిన 21 ఇంటు 21, మొత్తము 441 స్తంభములు. నాలుగు కోట్ల ముప్పది మూడు లక్షలకు పైగా దిమ్మెల చోటు. ఇది ఒక్క ఆటగానికి. నలుగురు నాలుగు దిక్కులకు పోయినచో నాలుగింతలు. అదే అంకెను 6కు తగ్గించినచో 13 ఇంటు 13, అనగా 169 స్తంభములు చాలును. భారము సగమునకంటె బాగుగా తగ్గినది. ఆటగానికి కలుగు నష్టము దూరపు కొండలు పొగమంచులో ఉన్నట్లు తోచుట మాత్రమే. అద్దె పెంచుటకు ముందు ఈ ఒక్క అంకె మార్చి చూచినవారు తెలివిగలవారు.

అయిదారుగురు స్నేహితులకు 4 గిగాబైట్ల మెమరీ గల యంత్రము చాలును. అందులో నాలుగును జావాకు ధారపోయరాదు. సర్వరు ప్రోగ్రాము జావా భాషలో వ్రాసినది. అది తనకని చెప్పిన మెమరీకి మించి కొంత వాడుకొనును. లినక్సుకు తన బ్రతుకు తాను బ్రతుకుటకు కొంత కావలెను. పూర్తిగా నిండిపోయినప్పుడు లినక్సు అన్నిటికంటె పెద్ద తిండిపోతును వెదకి చంపివేయును. ఆ తిండిపోతు మన ఆటయే. మూడు జావాకిచ్చి ఒకటి విడిచిపెట్టుట క్షేమము. మరియొక మాట: కంచెలోపల మూడువందల కోళ్లను పెంచు ఆటగాడు ప్రతి సర్వరులోను ఒకడుండును. యంత్రము ఏల మందగించినదని వెదకునప్పుడు ముందుగా ఆ కంచె చూడుడు.

ఏ ఊరిలో?

అద్దెకిచ్చువారు యంత్రము ఏ నగరములో కావలెనని అడుగుదురు. ఇది అలంకారప్రాయమైన ప్రశ్న కాదు. గాజు తంతువులో వెలుతురు శూన్యములో పోవు వేగములో మూడింట రెండువంతులు మాత్రమే పోగలదు: సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ఎంత డబ్బు పోసినను దీనిని పెంచుట ఎవరితరము కాదు. హైదరాబాదు నుండి ముంబాయి సూటిగా 620 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 6 మిల్లీసెకండ్లు. సింగపూరు 3,300 కిలోమీటర్లు, 33 మిల్లీసెకండ్లు. డల్లాస్ సుమారు 14,400 కిలోమీటర్లు, 144 మిల్లీసెకండ్లు. ఇవి పక్షి ఎగిరిన లెక్కలు. తంతువులు సముద్రగర్భమున చుట్టుతిరిగి పోవును; నడుమ ఎన్నో కూడళ్లలో ఆగి ఆగి పోవును. అసలు కాలము దీనికి ఒకటిన్నర రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ. ఆటగాండ్రందరును ఇక్కడివారే ఐనచో యంత్రమును ముంబాయిలోనో, హైదరాబాదులోనో తీసికొనవలెను. అమెజాన్ వారి కేంద్రము ముంబాయిలో 2016లో, హైదరాబాదులో 2022లో తెరచిరి. ఇతర కంపెనీల కేంద్రములును మన దేశములో కలవు.

అక్క హైదరాబాదులో, తమ్ముడు డల్లాస్‌లో ఉన్న కుటుంబములు మనలో తక్కువ కావు. వారి పిల్లలు కలిసి ఆడవలెనన్న యంత్రము ఎక్కడ నిలుపవలెను? హైదరాబాదులో పెట్టిన ఇక్కడివారికి అరచేతిలోనున్నట్లుండును. అక్కడివారు దిమ్మె కొట్టిన ప్రతిమారును నిట్టూర్పు విడువవలెను. డల్లాస్‌లో పెట్టిన తారుమారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు హైదరాబాదుకు సుమారు 7,100, డల్లాస్‌కు 8,250 కిలోమీటర్ల దూరమున ఉన్నది. పక్షి లెక్కలో ఒకరికి 71, మరొకరికి 83 మిల్లీసెకండ్లు. ఇల్లు కట్టుకొనుటకు ఇది ఎవరికిని అడ్డు కాదు. కత్తియుద్ధములో మాత్రము కొంచెము తెలియును. ఇద్దరికిని సమానముగా తెలియును గనుక తగవు రాదు. ఎవరికిని సొంత ఊరు కాని ఊరే ఇట్టి కుటుంబమునకు తగిన మధ్యస్థలము.

నిలుపుట

యంత్రము చేతికి వచ్చినదనగా ఒక చిరునామా, లోనికి పోవుటకు ఒక తాళపుచెవి వచ్చినవని అర్థము. తెరయు ఉండదు, మీటలపలకయు ఉండదు; మన ఇంటి కంప్యూటరు నుండి 'ఎస్.ఎస్.హెచ్.' అను దారిన పోయి ఆజ్ఞలు వ్రాయవలెను. పని పెద్దది కాదు. ఆటకని వేరుగా ఒక మామూలు వాడుకరిని సృష్టింపవలెను. సర్వాధికారిగా ఆటను నడుపుట తగదు. ఆట వెర్షనుకు తగిన జావాను దింపుకొనవలెను. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 1.20.5 వెర్షనుకు జావా 21 కావలసివచ్చినది. అంతకు పాతది ఉన్నచో ప్రోగ్రాము కదలనే కదలదు. మొదటిసారి నడిపినప్పుడు అది ఒక ఒప్పందపత్రమును ముందుంచి ఆగిపోవును. దానిని చదివి, ఫైలులో 'ఫాల్స్' అన్నచోట 'ట్రూ' అని దిద్దినగాని ముందుకు సాగదు. తరువాత 25565 అను సంఖ్యగల ద్వారమును తెరచి, మిత్రులకు చిరునామా చెప్పవలెను. యంత్రము ఏ కారణముచేతనైన ఆగి మరల లేచినప్పుడు ఆట కూడ తనంతట తాను లేచునట్లు 'సిస్టమ్‌డి'కి ఒక చిన్న ఫైలు వ్రాసిపెట్టుట మరువరాదు.

2024 అక్టోబరులో వచ్చిన వెర్షను నుండి, ఆటగాండ్రెవరును లేనిచో ఒక నిమిషము తరువాత లోకము తనంతట తాను నిద్రించును. అద్దె మాత్రము నిద్రింపదు.

తలుపులు

అద్దె యంత్రము అందరికి తెలిసిన వీధిలో ఉన్నది. దానిని తెరచిన కొద్దిసేపటికే ప్రపంచము నలుమూలలనుండి మరబంట్లు వచ్చి తాళము తిప్పి చూచుట మొదలుపెట్టును. ఇది మనమీద పగచేత కాదు. అవి ప్రతి తలుపును తిప్పిచూచును. కావున సంకేతపదముతో ప్రవేశమును మూసివేసి, గణితముపై ఆధారపడిన తాళపుచెవి ఫైలుతో మాత్రమే రానిచ్చుట ఉత్తమము. ఆటలోనికి ఎవరెవరు రావచ్చునో పేర్లపట్టిక పెట్టుకొనవచ్చును. దానిని తప్పక పెట్టుకొనవలెను. వచ్చినవాడు నిజముగా ఆ పేరుగలవాడేనా అని కంపెనీవారిని అడిగి నిర్ధారించు అమరిక మరొకటి ఉన్నది. దానిని ఆపివేసినచో మీ పేరు పెట్టుకొని ఎవడైనను రాగలడు, పట్టికయు నిష్ప్రయోజనమగును.

ఆట సర్వరే కదా, దీనితో ఎవరికేమి పని అని అనుకొనరాదు. 2021 డిసెంబరులో 'లాగ్ ఫర్ జె' అను జావా పనిముట్టులో గొప్ప లోపము బయటపడినది. జరిగినదెల్ల చిట్టాలో వ్రాసిపెట్టుట దాని పని. గుమాస్తాకు, 'ఎవరేమి అన్నను చిట్టాలో వ్రాయుము' అని చెప్పితిమి. ఒకడు వచ్చి, 'ఫలానా వీధికి పోయి అక్కడివాడు ఇచ్చిన ఆజ్ఞ నెరవేర్చుము' అన్నాడు. గుమాస్తా దానిని వ్రాయుటకు బదులు లేచి పోయి నెరవేర్చినాడు. సరిగా ఇదే ఆ లోపము. మైన్‌క్రాఫ్టులో ఆటగాండ్రు పరస్పరము చెప్పుకొను మాటలన్నియు చిట్టాకు ఎక్కును. కావున మాటలపెట్టెలో ఒక్క పంక్తి వ్రాసినంతమాత్రాన సర్వరు యంత్రము పరుల వశమగుచుండెను. ఈ లోపము లోకమునకు తెలిసిన తొలి తావులలో మైన్‌క్రాఫ్టు సర్వరులు ఒకటి. డిసెంబరు 10న సవరించిన వెర్షను వచ్చినది. ఆ వారము సర్వరును దిద్దుకొనని యజమాని ఆటనేగాక యంత్రమునే పోగొట్టుకొనుటకు సిద్ధపడినట్లే.

అంతకు అయిదేండ్ల ముందు, 2016లో, 'మిరాయి' అను ఉపద్రవము పుట్టినది. ఇండ్లలోని కెమెరాలను, రూటరులను లక్షలకొలది వశపరచుకొని, ఒకే చిరునామాపైకి ఉప్పెనవలె తోలు ప్రోగ్రాము అది. దీనిని వ్రాసినవారు ముగ్గురు అమెరికా యువకులు. 2017 డిసెంబరులో నేరమొప్పుకొనిరి. వారి కన్ను మొదట పడినది మైన్‌క్రాఫ్టు సర్వరుల వ్యాపారముపైననే. ఒక సర్వరు మునిగినచో విసిగిన ఆటగాండ్రు మరొక సర్వరుకు పోవుదురు, అందులో డబ్బున్నది. ఆ ప్రోగ్రాము బయటపడి ఇతరుల చేత చిక్కి, 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటివి గంటలకొలది అందకుండ చేసినది. ఇట్టి ఉప్పెనను మన చిన్న యంత్రము తానై ఆపలేదు. అద్దెకిచ్చువారు తమ ద్వారమువద్దనే ఆపుదురా అని ముందుగా విచారించుకొనవలెను.

నకలు

2021 మార్చి 10వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. కంపెనీవారి కంప్యూటరు కేంద్రము అంటుకొనినది. అయిదంతస్తుల భవనము పూర్తిగా కాలిపోయినది. పక్కదానిలో కొంతభాగము పోయినది. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ భవనములో 'రస్ట్' అను ఆటకు చెందిన యూరపు సర్వరులు 25 ఉండెను. వాటిలోని లోకములు పోయినవనియు, తిరిగి తెచ్చుట సాధ్యము కాదనియు ఆ ఆట యజమానులు మరునాటికే ప్రకటింపవలసివచ్చెను. అంతకంటె విచారకరమైన సంగతి, కొందరు ఖాతాదారులు డబ్బు కట్టి నకళ్లు తీయించుకొనిరి గాని, ఆ నకళ్లు కూడ అదే ఆవరణలో ఉండెను.

మైన్‌క్రాఫ్టు లోకమునకు ఒక విత్తనసంఖ్య ఉండును. ఆ సంఖ్యను, అదే వెర్షనును ఇచ్చినచో కొండలు, నదులు, గుహలు ఉన్నవి ఉన్నట్లు మరల మొలచును. ఇది విని కొందరు నకలు ఎందుకని నిర్లక్ష్యము చేయుదురు. విత్తనము కొండను తిరిగి ఇచ్చును. కొండమీద పిల్లలు రెండు వేసవులు శ్రమపడి కట్టిన కోటను ఇవ్వదు. అది విత్తనములో లేదు. అది ఆటగాండ్ర కంప్యూటరులలోను లేదు. వారికి ఎప్పటికప్పుడు బొమ్మ మాత్రము అందినది. అసలు పలక ఒక్కటే అని మొదట చెప్పుకొన్న మాట ఇక్కడ బరువెక్కుచున్నది. కోట ఉన్నది ఆ అద్దె డిస్కులో ఒక్కచోటనే.

నకలు తీయుటలో ఒక మెలకువ ఉన్నది. సర్వరు లోకమును మెమరీలో ఉంచుకొని, సుమారు అయిదు నిమిషముల కొకసారి డిస్కుకు దింపును. అది వ్రాయుచుండగా మనము నకలు తీసినచో సగము పాతది, సగము కొత్తది కలిసి, తలుపు ఒకచోట, గోడ ఒకచోట ఉన్న ఇల్లు వచ్చును. అందుచేత ముందుగా సర్వరుకు 'సేవ్-ఆఫ్' అని చెప్పి వ్రాత నిలుపుదల చేయవలెను. 'సేవ్-ఆల్ ఫ్లష్' అని చెప్పి మెమరీలో ఉన్నదంతయు దింపింపవలెను. అప్పుడు నకలు తీసి, 'సేవ్-ఆన్' అని మరల విడువవలెను. ఈ నాలుగు పనులను తెల్లవారుజామున తనంతట తాను చేయు చిన్న ప్రోగ్రాము వ్రాయుట కష్టము కాదు. చివరి పంక్తి మరచినచో మాత్రము ఆ రోజు కట్టినది ఏదియు డిస్కుకు దిగదు.

తీసిన నకలును వేరొక నగరములోని వేరొక కంపెనీవద్దనో, మన ఇంటి డిస్కులోనో ఉంచవలెను. అద్దెకిచ్చువారు తమవద్దనే తీసి ఉంచు నకళ్లు తొందరపాటున మనమే ఏదైన చెరుపుకొన్నప్పుడు అక్కరకు వచ్చును. స్ట్రాస్‌బర్గ్ వంటి రాత్రికి అవి చాలవు. చిన్న స్నేహబృందపు లోకము కుదించిన తరువాత చాలసార్లు కొన్ని వందల మెగాబైట్లకు మించదు. ఒక సినిమా అంత కూడ కాదు.

వేసవి సెలవులు ముగిసి, పిల్లలు చదువులలో పడి, అద్దె మానివేయవలెనన్న రోజు కూడ వచ్చును. అద్దె ఆగిన కొన్నాళ్లకు కంపెనీవారు డిస్కును తుడిచి మరొకరికి ఇత్తురు. అడిగినను తిరిగి రాదు. యంత్రమును ఆపియుంచిన చాలును గదా అని అనుకొందురేమో, చాలచోట్ల ఆపియుంచిన యంత్రపు డిస్కుకు కూడ అద్దె పడుచునే యుండును. కావున రద్దు చేయుటకు ముందు సర్వరును ఆపి, లోకపు ఫోల్డరును చివరిసారి ఇంటికి దింపుకొనవలెను. దానిని ఇంటి కంప్యూటరులో ఆట తన లోకములను దాచుకొను ఫోల్డరులో పెట్టినచో, ఇంటర్నెట్టు లేకపోయినను, ఒంటరిగా ఆడు ఆటలో ఆ లోకము తెరచుకొనును. మరల వేసవికి మరియొక యంత్రము అద్దెకు తీసికొన్నప్పుడు ఆ ఫోల్డరునే అక్కడికి ఎక్కింపవచ్చును. ఊరు మారవచ్చును, కంపెనీ మారవచ్చును, చిరునామా మారును. కొత్త చిరునామా అందరికి చెప్పుకొనవలెను. కోట మాత్రము విడిచినచోటనే ఉండును, కంచెలోని కోళ్లతో సహా.